తాళంచెవి చైర్మన్ గారింట్లో ఉంది

మా తమ్ముడు పోయాడన్న కబురు కాలనీలో అందరికంటే ఆఖరున మా ఇంటికి వచ్చింది. మిల్లు గేటు దగ్గర సైకిల్ దిగుతూ కూలబడిపోయాడట. చూసినవాళ్ళు పరుగెత్తుకొచ్చారు గానీ మా గడప ముందు ఎవరికీ నోరు పెగల్లేదు. వాకిట్లో జనం చేరిన చప్పుడు విని, నీళ్ళ గొడవేమో, తమ్ముడు రాగానే చూసుకుంటాడులే అనుకుని నేను దీపం ముందు నుంచి లేవనైనా లేదు. తను ఉంటే కబురు ఇట్లా చేరనిచ్చేవాడు కాదు.

నాందేడ్‌లో మా కాలనీ కట్టినప్పుడు సొసైటీకి మొదటి సెక్రెటరీ మా తమ్ముడే. పగలు మిల్లులో గుమాస్తా, పొద్దునా సాయంత్రం కాలనీ పని. చిన్న వయసులోనే భర్త పోయి వచ్చిన నన్ను తమ్ముడూ మరదలూ తమ దగ్గరే ఉంచుకున్నారు. కాబట్టి అన్నీ కళ్ళారా చూసినదాన్ని.

వేరే కాలనీల్లో సెక్రెటరీలు నోటీసు టైపు కొట్టించి, బోర్డుకు అంటించి చేతులు దులుపుకునేవారు. మా తమ్ముడు ఇంటింటికీ తిరిగేవాడు. తెలుగువాళ్ళింట్లో తెలుగు, మరాఠీవాళ్ళింట్లో మరాఠీ, దర్జీ సాబ్ ఇంట్లో దక్కనీ. చెప్పి ఊరుకునేవాడా? "ఇప్పుడు నేనేం చెప్పిన్నో నువ్వు చెప్పు," అని అడిగేవాడు. తప్పు చెబితే మళ్ళీ మొదటి నుంచి. మా పక్కింటి మరాఠీ ముసలామెను అందరం ఆజీ అంటాం. ఆమె కావాలనే తప్పు చెప్పేది. "తుఝీ మీటింగ్ రాహూ దే, ఆధీ చహా పీ," అని మీటింగు సంగతి పక్కన పెట్టించి ముందు చాయ్ తాగించేది. తాగేవాడు. గ్లాసు కింద పెట్టి మళ్ళీ అడిగేవాడు.

"ఎందుకురా గింత తిప్పల? బోర్డు మీద ఉండనే ఉన్నది గద," అని నేనంటే, "కాగితం అంటుపెట్టినోని పని అయిపోతదక్కా. సదువరానోళ్ళ సంగతి ఎట్ల?" అనేవాడు. "నాకు తెల్వకపాయె అని ఎవ్వలన్న అంటే, గది నా తప్పే," అని కూడా అనేవాడు.

చైర్మన్‌కు ఈ అలవాటు గిట్టేది కాదు. అతనూ మావాడే. కిన్వట్ వైపు తెలుగు పల్లె నుంచి వచ్చి, కాంట్రాక్టులు పట్టి పైకొచ్చాడు. మా ఇంట్లో జొన్నరొట్టె తిన్నవాడు. కాలనీ నడుమ ఒక ఖాళీ జాగా, అందులో అందరి బావి, ఒక మూలన సొసైటీ ఆఫీసు గది. ఆ జాగాలో తన బామ్మర్దికి దుకాణాలు కట్టించాలని చైర్మన్ ఆశ. నల్లా నీళ్ళు సరిగ్గా రాని మాకు ఎండాకాలం ఆ బావే దిక్కు. జాగా పోతే బావీ పోతుంది. దానికి సభ్యుల సభలో ఠరావు, అదే తీర్మానం, పాసు కావాలి. అందరికీ తెలిస్తే ఆ ఠరావు ఈ జన్మలో పాసు కాదు.

ఒక ఏడు సగం కాలనీ రేణుక తల్లి దర్శనానికి మాహూర్ పోయింది. బస్సు మాట్లాడిందీ ముందుండి తీసుకుపోయిందీ మా తమ్ముడే. సరిగ్గా ఆ రోజే చైర్మన్ సభ పెట్టాడు. నోటీసు అంటించలేదా అంటే అంటించాడు. తాళం వేసిన ఆఫీసు తలుపుకు, లోపలి వైపున. సరిపడా జనం రాకపోతే కొంచెంసేపు ఆగి, వచ్చినవాళ్ళతోనే సభ నడపొచ్చని సొసైటీ రూళ్ళలో కాయిదా ఉందట. అట్లా నడిపి, సభకు రాని సెక్రెటరీ మాకొద్దని మా తమ్ముణ్ణి తీసేశారు. నీళ్ళు వృథా అవుతున్నాయని బావి చుట్టూ కంచె వేసి తాళం పెట్టాలని కూడా రాసుకున్నారు.

తిరిగి రాగానే తమ్ముడు ప్రసాదం పట్టుకుని ముందు చైర్మన్ ఇంటికే పోయాడు. పక్కన నేనున్నాను. అతను ప్రసాదం కళ్ళకద్దుకున్నాడు. నోట్లో వేసుకున్నాడు. నమిలి మింగిన తర్వాత చెప్పాడు: "ఇగ నువ్వు ఆరాం జెయ్యి. ఇయ్యాల్టి సంది సెక్రెటరీవి కావు."

ఆ నమిలిన నోటిని నేను ఇప్పటికీ మరవలేదు.

మా తమ్ముడు అరవలేదు. మర్నాడు మా ఇంటి వీధి గోడకు నల్లరంగు పూశాడు. రోజూ మిల్లుకు పోయేముందు సుద్దముక్కతో దాని మీద కాలనీ కబుర్లు రాసేవాడు. నల్లా ఎప్పుడొస్తుంది, టీకాల డాక్టరు ఎప్పుడొస్తాడు, ఎవరింట్లో పెళ్ళి. చొక్కా జేబు నిండా సుద్దపొడే. ఉతకలేక మరదలు తిట్టేది. నేను పెట్టిన రొట్టెకు కూడా తెల్ల వేలిముద్రలు పడేవి.

బావికి తాళం పడిన పొద్దున ఇట్లా రాశాడు: "బావికి తాళం వేయబడినది. తాళంచెవి చైర్మన్ గారింట్లో ఉంది. నీళ్ళు కావలసినవారు ఏ వేళనైనా వెళ్ళి మర్యాదగా అడగవలెను." దాని కింద మరాఠీలో. నిజాం కాలపు చదువు గనుక, దాని కింద ఉర్దూలో. చదువు రానివాళ్ళకు ఇంటికి పోయి చెప్పాడు. ఏం చెప్పానో చెప్పమని అడిగాడు కూడా.

ఇక బిందెలు కదిలాయి. చైర్మన్ పళ్ళు తోముకుంటుంటే ఒకరు, అన్నం ముందు కూర్చుంటే ఇద్దరు, కునుకు తీయబోతే ఇంకొకరు. అందరూ మర్యాదగానే అడిగారు. ఆజీ అయితే బిందెతో నేరుగా వాళ్ళ వంటింట్లోకే పోయి కూర్చునేది. చివరికి చైర్మన్ మా వాకిట్లోకి వచ్చి మండిపడ్డాడు.

"ఏందిరా ఇది? నా ఇల్లేమన్న బస్టాండా?"

"నేనేమన్న అబద్ధం రాసిన్నా అన్నా? తాళంచెవి మీ ఇంట్ల లేదా?"

"ఉన్నది!"

"మరి లేదని రాయమంటవా?"

నేను బియ్యం ఏరుతున్నాను. తల ఎత్తలేదు. ఎత్తితే నవ్వు కనపడుతుంది.

కొద్దిరోజులకే తాళమూ పోయింది, కంచె కూడా పోయింది. సెక్రెటరీ పని మాత్రం మా తమ్ముడికి మళ్ళీ ఇవ్వలేదు. తనూ అడగలేదు, గోడ చాలన్నాడు. ఆ గోడ మీద సుద్ద ఆడినన్నాళ్ళు చైర్మన్ జాగా మాట ఎత్తలేకపోయాడు. కాచుకుని ఉన్నాడు.

అందుకే శవం దగ్గరికి పెద్ద దండ పట్టుకొచ్చి, "నా కుడి భుజం పాయె పెద్దక్కా," అని అతను ఏడ్చినప్పుడు నేను అతని భుజాలు చూశాను. రెండూ బాగానే ఉన్నాయి.

తమ్ముడి కర్మల దినం ఇంకా రాకముందే చైర్మన్ భార్య మరదల్ని పలకరించడానికి వచ్చింది. మంచి మనిషి. లేచి పోతూ, "పెద్దక్కా, దినం నాడు మా ఇంటాయన బంతికి రాలేడు, ఏమనుకోకుండ్రి. గా యాల్లనే మీటింగు పెట్టుకున్నడు," అంది. నోరు జారిందో, కావాలనే చెప్పిందో నేను అడగలేదు. కాలనీ అంతా మా ఇంట్లో మా తమ్ముడి పేరు మీద అన్నం తింటుండగా, అక్కడ బావి జాగా పోతుందన్నమాట.

సాయంత్రం రేణుక తల్లి పటం ముందు కూర్చున్నాను. ఎవరికీ కీడు చెయ్యమని నేను ఎన్నడూ వేడుకోలేదు. ఆ రోజూ వేడుకోలేదు. "వాని సంగతి నువ్వు పట్టించుకోకు తల్లీ. నాకిడిసిపెట్టు," అన్నాను. చదివేవారు దీన్ని పగ అనుకుంటే, పగే. నేను దానికి వేరే పేరు పెట్టను.

మర్నాడు చైర్మన్ ఇల్లూ అతని మనుషుల ఇళ్ళూ వదిలి నేనే ఇంటింటికీ పోయాను. మైల ఇల్లు గనుక ఎవరి గడపా తొక్కకుండా బయట నిలబడి చెప్పాను. "దినం భోజనాలు మా ఇంట్ల కాదు, బావి జాగాల. చైర్మన్ మీటింగు గూడ గాడ్నే, గప్పుడే. జాగా బామ్మర్దికి రాసిచ్చే ముచ్చట." దర్జీ సాబ్ టోపీ సర్దుకుని, "సమఝ్ గయా, ఆపా," అన్నాడు.

"సమజైతే, ఏం చెప్పిన్నో చెప్పు," అన్నాను.

చెప్పాడు. ఒక్క మాట తప్పు పోలేదు.

దినం నాడు ఆఫీసు ముందు నుంచి బావి దాకా మోదుగ విస్తళ్ళు పరిచాం. ఆఫీసు అరుగు మీద చైర్మన్, బామ్మర్ది, వాళ్ళ మనుషులు కొందరు. ఎదురుగా వరసలు వరసలుగా కాలనీ. చైర్మన్ ఠరావు కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు. నేను పప్పు గిన్నెతో అరుగు దగ్గరికి వచ్చాను.

"సదువు తమ్మీ. అందరున్నరు."

"తిననియ్యరాదు పెద్దక్కా. ఇంకోనాడు చూద్దాం."

"తినుకుంటనే వింటరు. దినం బువ్వ గద, మా తమ్ముడు గూడ వింటడు."

చదివాడు. సగం మాటలు గొంతులోనే ఉండిపోయాయి. "మోఠ్యానే వాచ్ రే!" అని ఆజీ కేకేసింది, గట్టిగా చదవరా అని. మళ్ళీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అంటే అరుగు మీద చేతులు లేచాయి. అవీ చెవుల దాకానే.

"ఒప్పుకోనోళ్ళు?" అన్నాడు, మా వైపు చూడకుండా.

మొదట ఆజీ ఎత్తింది. ఆ తర్వాత వరస వెంట వరస. అన్నీ పప్పన్నం అంటిన కుడి చేతులు.

"ఎంగిలి చేతులు చెల్లయి," అన్నాడు బామ్మర్ది.

"ఖానే కా హాథ్ హై భాయ్, చోరీ కా నై," అన్నాడు దర్జీ సాబ్. తినే చెయ్యే, దొంగ చెయ్యి కాదని.

చైర్మన్ లెక్క రాయించాడు. "అయిపాయె, దించుండ్రి," అన్నాడు. ఎవరూ దించలేదు. పప్పు వేళ్ళ సందుల్లోంచి మణికట్ల దాకా కారుతోంది. మెతుకులు ఎండకు ఆరి చర్మానికి అతుక్కుంటున్నాయి. అరుగు దిగి ఇంటికి పోవడానికి అతనికి ఆ వరసల నడుమ తప్ప వేరే దారి లేదు. అతను తల వంచుకుని ఆఖరి విస్తరి దాటేదాకా, ఆ చేతులు అట్లాగే పైన ఉన్నాయి.