అతిథి ఖాతాలో చిన్నాయన

మార్కాపురంలో మా నాయన నడిపే పలకల దుకాణంలో ఒకే కంప్యూటర్ ఉంది. లెక్కలకోసమని కొన్నది నేనైనా, ఎక్కువగా వాడేది తర్లుపాడు నుంచి రోజూ బస్సెక్కి వచ్చే మా చిన్నాయన. తెర మీద కనిపించిన ప్రతి బొమ్మనూ ఆయన నొక్కుతాడు. అట్లా నొక్కినప్పుడే వైరస్ వచ్చి మా ఆర్డర్ల ఫైళ్లన్నీ పోయాయి. నేను నాలుగు వీడియోలు చూసి సగం ఇంజనీరునైపోయి, నా ఖాతాకు పాస్‌వర్డ్ పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లకు ‘అతిథి’ అని వేరే ఖాతా తెరిచాను. నా పాస్‌వర్డ్ కొట్టకుండా అందులో కొత్త ప్రోగ్రాములేవీ ఎక్కించడానికి వీల్లేదు.

మరునాడు చిన్నాయన ఆ పేరు చదివాడు.

“ఏందిరా ఇది? సొంత అన్న దుకాణంలో నేను చుట్టాన్నా?”

“అది కంప్యూటర్ పెట్టిన పేరు చిన్నాయనా.”

“అట్లయితే దాంతోనే మాట్లాడుకో పో,” అని టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత దుకాణం వైపు రాలేదు. తమ్ముడు పోయేకంటే ఫైళ్లు పోవడమే నయమని మా నాయన నాతో మాటలు మానేశాడు.

చివరికి ఆ ఖాతాకే ‘యజమాని’ అని పేరు మార్చి, తెర నిండా చిన్నాయన ఫొటో పెట్టి, బతిమాలి పిలుచుకొచ్చాను. ఆయన మీసం దువ్వుకుంటూ ఏదో నొక్కగానే అది పాస్‌వర్డ్ అడిగింది.

“ఇదేందో అడుగుతాందే?”

“యజమానులు ఇట్లాంటివి చూసుకుంటారా చిన్నాయనా? నేను లేనా?”

“అదీ మాట. టీ చెప్పు.”

పేరు పెద్దదిస్తే అధికారం ఎక్కడుందని ఎవరూ అడగరని తెలిసి సంబరపడ్డాను. ఇంట్లో నన్నూ యజమాని అనే పిలుస్తారని గుర్తొచ్చాక, ఆ సంబరం టీ కంటే ముందే చల్లారింది.