వెయ్యి ముగింపులు చూసిన వళ్ళి

మదురైలో వైగై ఒడ్డు కాలనీలో వళ్ళి ఇల్లు ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. వయసు యాభై ఒకటి. పంతొమ్మిదేళ్ళుగా కాలనీ వెనకున్న టాకీసు ఊడుస్తోంది. ఈ పంతొమ్మిదేళ్ళలో ఆవిడ తక్కువలో తక్కువ వెయ్యి సినిమాలు చూసి ఉంటుంది. ఒక్కటి కూడా మొదటి నుంచి చూడలేదు. అన్నీ ఆఖరి పది నిమిషాలే.

ఆటకీ ఆటకీ మధ్య దొరికేది ఇరవై నిమిషాలు. జనం లేచీ లేవకముందే చీపురు పడాలి. అందుకని ఆట ముగిసే ముందే చీపురూ చేటా పట్టుకుని పక్క తలుపులోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడాలి. నిలబడాలి అంతే, కూర్చోకూడదు. ముందు వరసలో పది సీట్లు ఖాళీగా ఉన్నా సరే, పనివాళ్ళు సీటు ముట్టుకునేది దులపడానికే. ఇది యజమాని సుందరరాజన్ వాళ్ళ నాన్న పెట్టిన రూలు. కొడుకు దాన్ని ఆస్తితో పాటు భద్రంగా కాపాడుకుంటూ వచ్చాడు.

సుందరరాజన్‌ది చిన్నమనూరు దగ్గర ద్రాక్షతోటలున్న కుటుంబం. ఆయన ఇంట్లో తెలుగే, వళ్ళి ఇంట్లోనూ తెలుగే. అయినా పంతొమ్మిదేళ్ళలో ఆయన ఆవిడతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడిన పాపాన పోలేదు. పని చెప్పడానికి తమిళం చాలనుకున్నాడు. వళ్ళి కూడా యజమానితో "సరి ముదలాళీ" అని తమిళంలోనే అని, పక్కకు వచ్చాక తంగంతో తెలుగులో నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకునేది. తంగం ఆవిడతో పాటు ఊడ్చే మనిషి.

ఎందుకేడుస్తున్నారో తెలియకుండా వెయ్యిసార్లు జనం ఏడవడం చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. వళ్ళికి బాగా మండేది. తెర మీద ఎవరో చచ్చిపోతుంటారు, కింద ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటుంటారు. "వీళ్ళకేం వచ్చిందే, దుడ్డిచ్చి కూసోని ఏడుస్తారు" అని తంగంతో అని, ఆ ముక్కులు తుడిచిన కాగితాలన్నీ తనే ఏరేది.

ఇలా ఉండగా కూతురు ఇలక్కియ సినిమా చదువు చదువుతానని పట్టు పట్టింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. కాలేజీ ముగించి, పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలో ఎడిటింగ్ చేస్తోంది. చెన్నైలో సినిమా నేర్పే కళాశాలకు పరీక్ష రాసి పాసైంది, ఇంటర్వ్యూ మిగిలింది. అక్కడ చదివే పెద్ద పిల్ల ఒకతె, ఇంటర్వ్యూకు పోయేముందు చూసి తీరాల్సిన పాత సినిమాలని ముప్పై ఆరు పేర్లు పంపింది. ఇలక్కియ స్టూడియోకు పోయేది మధ్యాహ్నం మీద కాబట్టి పొద్దున పూట ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి వరసగా చూస్తూ కూర్చునేది.

మొదటి ఆట నడిచే రెండు గంటలూ వళ్ళి ఇంటికి వచ్చి వంట చేసుకుంటుంది. ఒకరోజు పప్పు పొయ్యి మీద పెట్టి ఫోనులోకి తొంగి చూసింది.

"ఎవురి పెళ్ళే ఇది, అంతా నల్లగా ఉండాది?"

"పెళ్ళి కాదు మా. జపాన్ పడం. నువ్వు పుట్టకముందుది."

"మాట తెలస్తాదా నీకు?"

"కింద ఇంగ్లీషులో వస్తాది."

"సరి, ఆఖరు వచ్చినప్పుడు పిలు. చూస్తాను."

ఇలక్కియకు నవ్వొచ్చింది, కానీ పిలిచింది. వళ్ళి గరిటె పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడే చూసింది. తెర మీద ఎవరిదో శవం చుట్టూ పదిమంది ఉన్నారు. వళ్ళి ఒకణ్ణి గరిటెతో చూపించింది.

"వీడు తప్పు చేసినోడు."

"ఎట్ల చెప్తావు?"

"అందరూ టోపీ తీసినారు, వీడు తీయలే. ఆ ముసలామె అందరికీ నీళ్ళిచ్చింది, వీనికి ఇయ్యలే. ఆమెకు తెలుసు."

ఇలక్కియ ఫోను ఆపేసింది. రెండు గంటలు కళ్ళు చిల్లులు పడేలా చూసి తను పట్టుకున్న సంగతిని అమ్మ పప్పు గరిటె పట్టుకుని నిలబడి చెప్పేసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ అదొక ఆట అయింది. ఇలక్కియ ముందు ఆఖరి పది నిమిషాలు చూపించేది, వళ్ళి దాని వెనక కథ చెప్పేది. సగం తప్పేది, సగం అచ్చు గుద్దినట్టు ఉండేది. ఇలక్కియ అన్నీ నోటు బుక్కులో రాసుకునేది.

పదహారు సినిమాలు అయ్యేసరికి మాయాండి వచ్చాడు. వళ్ళి భర్త సుడలైకి అన్న. ఊరి శుభ్రత విభాగంలో మేస్త్రీగా చేసి రిటైరైనవాడు. సుడలైదీ అదే విభాగం, పర్మనెంటు పని. మూడేళ్ళ కిందట కామెర్లతో పోయాడు. సర్వీసులో ఉండి పోతే ఆ ఇంట్లో ఒకరికి పని ఇస్తారు. వారసు వేల అంటారు దాన్ని. వళ్ళికి వయసు దాటింది కాబట్టి ఇలక్కియ పేరు మీద అర్జీ పెట్టి, మూడేళ్ళూ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఈ మాయాండే. ఆ మాట కాదనకూడదు.

"వచ్చింది వళ్ళీ!" అన్నాడు గడపలోనే. "బుధవారం పది గంటలకు పిల్లను తీస్కోని రమ్మన్నారు. రాకుంటే పేరు కొట్టేస్తారు."

ఇలక్కియ తలెత్తింది. "బుధవారమే చెన్నైలో నాకు ఇంటర్వ్యూ, పెరియప్పా."

"ఏం ఇంటర్వ్యూ?"

"పడం తీసే చదువుకు."

మాయాండి మనసారా నవ్వాడు. "పడం తీసేదానికి చదవల్నా? పిచ్చిదానా, గవర్మెంటు వేల ఇది. అరవై ఏండ్ల దాకా నిన్ను ఎవురూ కదిలించలేరు." తర్వాత వళ్ళి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పుమా దానికి."

వళ్ళి చెప్పలేదు. కూతురి వైపూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆవిడకు ఆశ పుట్టింది. పర్మనెంటు అన్న మాట ఆ కాలనీలో దేవుడి పేరు కన్నా ఎక్కువసార్లు వినబడుతుంది. టాకీసు ఎప్పుడు మూసేస్తారో తెలియదు. ఇంటర్వ్యూలో పిల్ల తప్పితే రెండూ పోతాయి. భయం వేసింది, గట్టిగానే వేసింది. ఇలక్కియ అమ్మ ముఖం చూసి లేచిపోయి, ఆ పూట అన్నం తినలేదు.

ఆదివారం ఇలక్కియ ఫోను తెచ్చి అమ్మ ముందు పెట్టింది. "ఈ ఒక్కటి మొదట్నించి చూడు మా. తర్వాత నువ్వు ఏం చెప్తే అది."

వళ్ళి కూర్చుంది. పది నిమిషాలకే ఇబ్బందిగా కదిలింది. బొమ్మ మొదలవుతుంటే అక్కడ ఉండటం అలవాటు లేని ఒళ్ళు అది, లేచి పోవాలనిపించింది. ఇలక్కియ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

బొగ్గు గనుల ఊరి కథ. గనిలో ఒకామె మొగుడు చచ్చిపోతే వాడి బూట్లు ఇంటికి పంపిస్తారు. పెద్దకొడుకు ఆ బూట్లు తొడుక్కుని అదే గనిలోకి దిగుతాడు. కొన్నాళ్ళకు బూట్లు మళ్ళీ ఇంటికి వస్తాయి. చిన్నవాడు తన కాలికి సరిపోతాయో లేదో చూసుకుంటుంటాడు. ఆఖర్లో ఆ తల్లి బూట్లను తీసుకుపోయి ఏట్లో గిరాటేసి, ఒడ్డున నిలబడి పెద్దగా నవ్వుతుంది. ఆ నవ్వుతోనే సినిమా అయిపోతుంది.

ఈ పది నిమిషాలే చూసి ఉంటే వళ్ళి ఏమనేదో తెలిసిందే. ఎవతో పిచ్చిది, బంగారంలాంటి బూట్లు ఏట్లో పారేసి నవ్వుతోంది అనేది. ఇప్పుడు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వెయ్యి ముగింపులకు ఒక్క చుక్క రాల్చని మనిషి, తెలియని భాషలో ఎవతో నవ్వితే వెక్కి వెక్కి ఏడ్చింది.

"కావాల్నని చూపించినావు కదే?"

"లిస్టులో పదిహేడోది మా ఇది. పదహారు అయిపోయినాయి."

వళ్ళి కళ్ళు తుడుచుకుని ట్రంకుపెట్టె తీసింది. అడుగున ప్లాస్టిక్ కవరులో సుడలై కాగితం ఒకటి ఉంది. పద్దెనిమిదేళ్ళప్పుడు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినట్టు పంపిన కార్డు. అదే నెలలో అతని తండ్రి పోయాడు. ఆ తండ్రిదీ ఇదే పని. మాయాండికి అప్పటికే పని ఉంది కాబట్టి వారసు కాగితం సుడలై పేరు మీద వచ్చింది. అన్నే చెయ్యి పట్టుకుని ఆఫీసుకు తీసుకుపోయాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు సుడలై ఊరి మురికి ఎత్తాడు. తాగకుండా ఎత్తలేక తాగాడు. తాగి పోయాడని కాలనీ అంతా అన్నది. అందరూ చూసింది అతని ఆఖరి పది నిమిషాలే. మొదట్లో ఆ కార్డు ఉందని ఎవరికీ గుర్తు లేదు. ఇన్నాళ్ళూ వళ్ళి కూడా దాన్ని మరిచిపోయింది, అందుకు ఇప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది.

"మంగళవారం రైలుకు టికెట్టు వేసుకో" అంది కూతురితో.

బుధవారం పది గంటలకు వళ్ళి మాయాండితో ఆఫీసుకు పోయింది. ఇలక్కియ ఏది అని ఆయన దారి పొడవునా అడుగుతూనే ఉన్నాడు, అక్కడికి పోయినాక చెప్తాను పద అంటూ ఈవిడ తెచ్చింది. గుమాస్తా ప్రభాకరన్ చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. కుర్చీ చూపించాడు. కూతురు రాలేదా అని తమిళంలో అడిగాడు.

"చెన్నైకి పోయింది. రాదు. ఈ వేల మాకు వద్దని తనే రాసి సంతకం పెట్టి ఇచ్చింది. నేనూ పెడతాను" అంది వళ్ళి, కాగితం బల్ల మీద పెట్టి.

ప్రభాకరన్ కాగితం చదివి ఒకసారి మాయాండి వైపు చూశాడు.

"అమ్మా, బాగా ఆలోచించుకోండి. ఒకసారి వద్దని రాసిస్తే మళ్ళీ రాదు."

"మళ్ళీ రాకూడదనే రాసిస్తా ఉండాను, తంబీ."

బయటికి వచ్చాక మాయాండి నడిరోడ్డు మీద అరిచాడు. "ఆ పిల్లకు సీటు రాకుంటే?"

"మళ్ళీ రాస్తాది. అప్పుడూ రాకుంటే పెళ్ళి వీడియోలు కత్తిరించుకోని బతుకుతాది. చీపురు మాత్రం పట్టదు."

"నేను పట్టలేదా? నువ్వు పట్టలేదా? అంత అవమానమా అది?"

"పనిలో అవమానం లేదు బావా. తాత పోతే తండ్రికి, తండ్రి పోతే బిడ్డకు అని మన కోసం మాత్రం కాగితం తయారుగా ఉండాది చూడు, అదీ అవమానం. నీ తమ్మునికి వేరే కాగితం కూడా వచ్చింది. గుర్తుండాదా?"

"నేనే వాని చెయ్యి పట్టుకోని తెచ్చినాను, ఇదే ఆఫీసుకు" అన్నాడు మాయాండి. తర్వాత ఎదురుగా ఉన్న కొట్లో రెండు టీలు చెప్పాడు. ఇద్దరూ నిలబడి తాగారు.

మధ్యాహ్నం ఇలక్కియ ఫోను చేసింది.

"ఏమడిగినారే?"

"మీ ఇంట్లో పడాలు ఎక్కువ చూసేది ఎవరు అన్నారు. మా అమ్మ, వెయ్యి ముగింపులు చూసింది అన్నాను. ఒకాయన నవ్వినాడు. ముగింపులు మాత్రం చూస్తే ఏం అర్థమవుతాది అన్నాడు."

"నువ్వేం చెప్పినావు?"

"మొదలు చూసేదానికి ఆమెను సీట్లో కూసోనీలేదు సార్, అది ఆమె తప్పా అన్నాను. అప్పుడు నవ్వలే మా, ఎవురూ."

వళ్ళి ఫోను పెట్టేసి, జుట్టు దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని టాకీసుకు పోయింది. పక్క తలుపు దగ్గరికి కాదు, ముందున్న కౌంటరుకు. టికెట్టు చింపించుకుని లోపలికి నడుస్తుంటే సుందరరాజన్ ఎదురయ్యాడు. ఆట ఇంకా మొదలవలేదు, ఇప్పుడే ఎందుకొచ్చావని తమిళంలో అడిగాడు.

"పడం చూసేదానికి వచ్చినాను" అంది వళ్ళి తెలుగులో. "టికెట్టు ఉండాది. అయినాక ఊడుస్తా."

ఆయన టికెట్టు చూశాడు, చీర చూశాడు. "ఎవురు కూసోమన్నారు నిన్ను?" అన్నాడు. పంతొమ్మిదేళ్ళకు మొదటి తెలుగు మాట, అదీ ఇది.

"నేనే" అని వళ్ళి లోపలికి పోయి నడిమి వరసలో సరిగ్గా మధ్య సీట్లో కూర్చుంది.

తర్వాత ఏమైందని అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి చెప్పేయడమే మేలు. ఇలక్కియకు సీటు వచ్చింది, ఇరవై రోజుల తర్వాత. ఆ బుధవారం వళ్ళికి అది తెలియదు. తెలియకుండానే సంతకం పెట్టింది, తెలియకుండానే టికెట్టు కొన్నది.

ఆట బాగానే నడిచింది. ఆఖరి పది నిమిషాలు ఉందనగా పక్క తలుపు తెరుచుకుంది. తంగం చీపురు పట్టుకుని గోడకు ఆనుకుంది. చీకట్లో కళ్ళు చికిలించి చూస్తే నడిమి వరసలోంచి ఎవరో చెయ్యి ఊపుతున్నారు.

"ఇట్ల రా, కూసో" అంది వళ్ళి.

"అయ్యో అక్కా, ముదలాళి చూస్తాడు."

"చూడనీ. రా."

తంగం వంగి వంగి వచ్చి, చీపురు ఒళ్ళో పెట్టుకుని సీటు అంచున కూర్చుంది. తెర మీద ఒక ముసలామె గడపలో కూలబడి ఏడుస్తోంది. చుట్టూ అందరూ ముక్కులు చీదుతున్నారు.

"ఈమె ఎందుకేడుస్తాదక్కా?"

"బాగా వెనక్కి కూసో, చెప్తా" అంది వళ్ళి, తంగం చెవి దగ్గరికి వంగి. "మొదట్లో వీళ్ళది పెద్ద ఇల్లు..."