సాదు దిద్దిన కనుబొమ్మలు

నా కనుబొమ్మలు రాలిపోతున్న సంగతి నాకంటే ముందు మా బడిలో ఒకటో తరగతి పిల్లకు తెలిసింది. పలక దిద్దించుకోవడానికి వచ్చి, నా మొహంలోకి పరీక్షగా చూసి, "మేడం, నీ కనుబొమ్మ సగం యాడికి పాయ?" అని అడిగింది.

"ఇంట్లో పెట్టి మర్చిపోయొచ్చినాలే" అన్నాను. తరగతంతా నవ్వింది. సాయంత్రం ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడితే ఆ పిల్ల చెప్పింది నిజమే. రెండు కనుబొమ్మలూ చెవుల వైపు పలచబడి చర్మం కనిపిస్తోంది. మిగిలిన సగంలో తెల్లటి పొట్టు. ఇరవై ఆరేళ్ళుగా ఈ మొహాన్నే చూస్తున్న మా ఆయన్ని అడిగితే, "బాగానే ఉండావు కదా" అని మళ్ళీ పేపర్లో తల దూర్చాడు.

పొట్టు అంతకు చాలా ముందే మొదలైంది. ముక్కుకు రెండు పక్కలా, చెవుల వెనక, పాపిట్లో. చలికాలం కదా అనుకున్నాను. ఎండాకాలం వచ్చినా పోలేదు. మా పుంగనూరు ఇంట్లో ఏ బాధకైనా మందొకటే, ఆముదం. జుట్టు రాలినా ఆముదమే, కాలు బెణికినా ఆముదమే, బిడ్డకు కడుపుబ్బినా ఆముదమే. మా అమ్మ గింజలు వేయించి, దంచి, ఉడకబెట్టి తీసే ఆముదం వాసనలోనే పెరిగినదాన్ని. అదే పద్ధతిలో కాచి, మూడు పూటలా కనుబొమ్మలకు పట్టించాను. రాసినంతసేపూ పొట్టు తడిసి అణిగేది, నయమవుతోందని సంబరపడేదాన్ని. మర్నాటికి రెట్టింపయ్యేది. అప్పుడు ఇంకాస్త ఎక్కువ రాసేదాన్ని. పట్టుదల విషయంలో నన్ను మించినవాళ్ళు మా వంశంలో లేరు.

డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. మదనపల్లెకు గంట ప్రయాణం కూడా లేదు, నెలకు రెండు మూడుసార్లు ఏదో పని మీద వెళ్తూనే ఉంటాను. ఎందుకు వెళ్ళలేదో ఇప్పుడు ఒప్పుకుంటాను. నా చిన్నప్పుడు కనుబొమ్మలు రాలాయంటే మా వైపు జనం ఒకటే మాట అనేవారు, పెద్దరోగం అని. కుష్ఠు అని నోరు తెరిచి అనడానికి కూడా భయపడేవారు. ఆ మాట డాక్టరు నోట వినాల్సి వస్తుందేమోనని నా భయం. శుభ్రం గురించీ ఆరోగ్యం గురించీ పిల్లలకు రోజూ పాఠం చెప్పే టీచరమ్మని, ఎనిమిది నెలల పాటు నల్ల పెన్సిలుతో కనుబొమ్మలు గీసుకుని కాలక్షేపం చేశాను.

ఆ ఎనిమిది నెలల మధ్యలోనే మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమెను ఇచ్చింది కుప్పంలో.

ఇక్కడ మా అమ్మ గురించి కొంచెం చెప్పాలి. అమ్మ కూలికి పోయే మనిషి. అయినా వీధిలో ఎవరింట కాన్పయినా బిడ్డకు నీళ్ళు పోయడానికి ఆమెనే పిలిచేవారు. ఆ పని నాకు నేర్పింది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, పిండితో నలిచి, మోచేత్తో వేడి చూసుకుంటూ చెంబుతో పోయాలి. తడి తుడిచి సాంబ్రాణి పొగ వేశాక సాదు పెట్టాలి. సగ్గుబియ్యాన్ని నల్లగా మాడ్చి, నీళ్ళు పోసి, జిగురయ్యేదాకా ఉడికించి, కొబ్బరి చిప్పలో పోసి ఎండబెడితే సాదు. తడి వేలితో చిప్పలో రుద్ది, బిడ్డ నుదుట బొట్టు, బుగ్గన దిష్టిచుక్క, ఇంకా సరిగ్గా మొలవని కనుబొమ్మల చోట రెండు గీతలు దిద్దాలి. గీత దిద్దిన దారినే వెంట్రుకలు వస్తాయని అమ్మ నమ్మకం. మా చుట్టాల్లో పుట్టిన పిల్లలందరికీ నేనే నీళ్ళు పోశాను. ఉద్యోగం వచ్చినప్పటికంటే, "నీ చెయ్యి మీ అమ్మ చెయ్యే" అని ఒక ముసలామె అన్నప్పుడు నాకు ఎక్కువ సంతోషం కలిగింది. మనవరాలికో మనవడికో పోసే రోజు కోసం, కూతురి పెళ్ళయిన నాటి నుంచి కాచుకుని ఉన్నాను.

మనవరాలు పుట్టింది. బొడ్డు ఊడిన మర్నాటి నుంచి నేనే పోశాను. కాళ్ళ మీద వేసుకోగానే ఏడుపు ఆపేసేది. నీళ్ళు తగిలితే పెదవులు ముడిచి, ఏదో ఆలోచిస్తున్నట్టు చూసేది. ఆ కాసేపట్లో నా పొట్టు, నా బోడి కనుబొమ్మలు, అన్నీ మర్చిపోయేదాన్ని.

బిడ్డను తొలిసారి ఉయ్యాల తొట్టిలో వేసే రోజు అమ్మాయి అత్తగారు, నేను వదినా అని పిలిచే మా వియ్యపురాలు, వచ్చింది. రామకుప్పం వైపు రాగి చేలో ఏనుగులు పడతాండాయని వియ్యంకుడు కావలికి ఆగిపోయాడు, ఆమె ఒక్కతే తెల్లారి బస్సుకే దిగింది. నేను అప్పుడే నీళ్ళు పోస్తున్నాను. ఆమె నా ఎదురుగా కూర్చుని బిడ్డను చూసి మురిసిపోతోంది. వేడినీళ్ళ ఆవిరికి నా పెన్సిలు గీత కరిగి చెంప మీదికి కారింది. నేను చూసుకోకుండా భుజంతో తుడిచేశాను.

వదిన మొహం మారిపోయింది. లేచి, తువ్వాలు పరిచి, బిడ్డను నా కాళ్ళ మీద నుంచి ఎత్తుకుని లోపలికి పోయింది. తలుపు వేయడం మర్చిపోయింది కాబట్టి నాకు అన్నీ వినిపించాయి.

"మీ అమ్మకి ఎన్నాళ్ళ నుంచి ఇట్లుండాది?"

"చాన్నాళ్ళయింది అత్తా."

"యాల సెప్పలా? పెద్దరోగమైతే ఏం సేస్తావు? పచ్చి బిడ్డ. ఆమె చేతికి ఇయ్యొద్దు."

మా అమ్మాయి ఏదో అంటుందని ఎదురుచూశాను. మా అమ్మకేం లేదు అంటుందని. ఒక్క మాట అనలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చెంబు అక్కడే పడేసి లోపలికి వెళ్ళి, "రేపట్నుంచి మీ బిడ్డకు మీరే పోసుకోండి, నేను ముట్టను" అన్నాను. వదిన తలవంచుకుంది. మా అమ్మాయి నా వైపు చూడలేదు. చుట్టాలు వచ్చే వేళయింది, అందరం నవ్వు మొహాలు పెట్టుకున్నాం. తొట్టి పాట నేనే పాడాను, తొట్టిని మాత్రం ముట్టలేదు. అందరూ వెళ్ళాక పెరట్లో బట్టలు ఆరేస్తూ ఏడ్చాను.

వదిన ఊరికి వెళ్ళాక కూడా నేను పంతం విడవలేదు. నిజానికి అది పంతం కూడా కాదు. కోపం తగ్గాక మిగిలింది నా పాత భయమే. వదిన బయటికి అంది, నేను లోపల దాచుకున్నాను, అంతే తేడా. అమ్మాయి ప్లాస్టిక్ టబ్బు కొని, ఫోన్లో వీడియో చూస్తూ బిడ్డకు నీళ్ళు పోసేది. బిడ్డ ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చేది. నేను తలుపు పక్కన నిలబడి, "మెడ కింద చెయ్యి పెట్టు! కంట్లో పడతాండాది సూడు!" అని అరిచేదాన్ని. "నువ్వే రా మా" అని ఒకసారి విసుక్కుంది. నేను వెళ్ళలేదు.

బిడ్డకు రెండో నెల వచ్చింది. ఒకరోజు తొట్టిలో నిద్రపోతుంటే వంగి చూశాను. మాడు మీద పచ్చటి పెచ్చు కట్టింది. కనుబొమ్మల్లో తెల్లటి పొట్టు. నాదే, నా నుంచే వచ్చింది అనుకున్నాను. ఆ క్షణంలో నాకు నా మొహం మీద కలిగినంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. అమ్మాయిని పిలిచి చూపించాను. "ఇప్పుడే పోదాం పద. ఇద్దరికీ చూపిద్దాం" అన్నాను.

మదనపల్లెలో చర్మం డాక్టరు మా అమ్మాయి కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. ముందు బిడ్డను చూడమన్నాను. మాడు మీద వేలితో తడిమి నవ్వింది. "చాలామంది పసిబిడ్డలకు ఇలా వస్తుందమ్మా. దానంతట అదే పోతుంది. ఎవరి నుంచీ అంటుకునేది కాదు."

"నా నుంచి కాదా?"

"కాదు. మీరిలా కూర్చోండి."

ఏ మాట వినాల్సి వస్తుందని ఎనిమిది నెలలు పారిపోయానో ఆ మాట నేనే అడిగేశాను. ఆమె విసుక్కోలేదు. కళ్ళు మూసుకోమని, దూది తగిలినప్పుడల్లా చెప్పమంది; ఆ జబ్బుంటే స్పర్శ తెలియదట. నుదుటి మీద, కనుబొమ్మల మీద, చెంపల మీద, చేతుల మీద. తగిలింది. తగిలింది. తగిలింది. ఎంతమంది పిల్లలకు పరీక్షలు పెట్టానో, నేనెప్పుడూ అంత భయంగా జవాబు చెప్పలేదు. చేతుల్లో నరాలు తడిమి చూసింది.

"మీరు భయపడే జబ్బు కాదు" అంది. "ఒకవేళ అదే అయినా ఈరోజుల్లో మందుంది. మనిషిని దూరం పెట్టాల్సిన పని లేదు." తర్వాత నా కనుబొమ్మ మీద వేలు పెట్టి వాసన చూసుకుంది. "ఏం రాస్తున్నారు?"

"ఆముదం."

"రోజుకు ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. ఒక్కోరోజు నాలుగు."

డాక్టరమ్మ చిన్నగా నవ్వింది. "ఈ పొట్టుకు నూనె అంటే మహా ఇష్టమమ్మా. మీరు రోజూ మూడు పూటలా దానికి భోజనం పెడుతున్నారు." పక్కన మా అమ్మాయి పకాలున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళనీళ్ళు వచ్చాయి.

పుంగనూరు బస్సు ఎక్కాక బిడ్డ పాలు తాగి నిద్రపోయింది. కిటికీ వైపు చూస్తూ అడిగాను. "ఆ దినం మీ అత్త అంత మాటంటే నోరు మెదపకుండా ఉంటివే?"

బిడ్డ మీది గుడ్డ సర్దుతూ చెప్పింది. "నాకూ భయమేసింది మా. అబద్ధం యాల సెప్పాల? బిడ్డకేమన్నా అవుతుందేమో అని భయపడినా. మళ్ళా మా అమ్మ గురించి ఇట్లనుకుంటి కదా అని దినామూ ఏడ్సినా."

నా మనసు చివుక్కుమంది. అయినా ఆ నిజం నాకు నచ్చింది. నేను చెప్పలేకపోయిన మాట నా కూతురు చెప్పగలిగింది. "నేనూ భయపడినాలే" అన్నాను. అది బిడ్డను తీసి నా ఒళ్ళో పెట్టింది. ఇల్లు చేరేదాకా మళ్ళీ తీసుకోలేదు.

డాక్టరమ్మ రాసిచ్చిన రక్తపరీక్షల్లో ఏ లోపమూ కనిపించలేదు. పొట్టు మందులతో అణిగింది, అప్పుడప్పుడూ వచ్చి పలకరించి పోతుంది. బిడ్డ మాడు నెల తిరిగేసరికి శుభ్రమైంది. నా కనుబొమ్మలు మాత్రం ఎందుకు రాలాయో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది. వస్తే రావచ్చు, రాకపోవచ్చు అంది. ఇప్పటికీ రాలేదు.

వదినకు ఫోన్ చేసి అన్నీ వివరంగా చెప్పానని అమ్మాయి అంది. ఆమె "ఊ" అని పెట్టేసిందట. ఆ "ఊ" నాకు బాగా గుచ్చుకుంది. అయిదో నెలలో తల్లినీ బిడ్డనూ అత్తారింట్లో దిగబెట్టడానికి కుప్పం బయలుదేరినప్పుడు దారి పొడుగునా అదే ఆలోచన. బిడ్డను అక్కడ నన్ను ఎత్తుకోనిస్తుందా? నా చేతి కాఫీ తాగుతుందా? బస్సు దిగే ముందు చేతి అద్దంలో చూసుకుంటూ పెన్సిలు గీత రెండుసార్లు సరిచేసుకున్నాను. వదిన మర్యాదగానే పలకరించింది. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోదామని చీర మార్చుకుంటున్నాను. వదిన పిలిచింది. పెరట్లో పీట వేసుంది. అండాలో నీళ్ళు కాగుతున్నాయి. ఆమె బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది.

"కూసోండి వదినా. బిడ్డకి నీళ్ళు పోసి పోదురు."

కూర్చుని కాళ్ళు చాపాను. ఆమే వంగి బిడ్డను నా కాళ్ళ మీద పెట్టింది. బిడ్డ పెదవులు ముడిచి, అదే ఆలోచన మొహం పెట్టింది. నేను పోస్తుంటే వదిన చెంబు అందిస్తోంది. సాంబ్రాణి పొగ వేశాక లోపలికి వెళ్ళి సాదు చిప్ప తెచ్చింది. కొత్తగా కాచినట్టుంది, ఇంకా వాసన పోలేదు. బిడ్డకు బొట్టూ చుక్కా కనుబొమ్మలూ దిద్దాను. అప్పటికి నా గీతలు ఆవిరికి కరిగిపోయాయి. కొంగుతో మొహం తుడుచుకుని, తలవంచుకునే లేవబోయాను.

"ఉండండి" అంది వదిన. నా ఎదురుగా నేల మీదే కూర్చుంది. "మా పెద్దమ్మకి కూడా మొదట కనుబొమ్మలే రాలినాయి వదినా. చేని గట్టున గుడిసేసి ఆడ పెట్టినారు. దినామూ నేనే కూడు తీసకపోతా ఉంటి. గిన్నె దూరంగా పెట్టి, తిరిగి సూడకుండా పరిగెత్తొస్తా ఉంటి. రా పాపా, ఒకసారి మొహం సూపిచ్చి పో అని పిలుస్తా ఉన్నింది. ఒక్క దినమన్నా పోలా. సచ్చిపోయే దాకా ఆయమ్మ మొహం దగ్గరగా సూడలా."

ఆమె చిప్పలో రెండు చుక్కల నీళ్ళు వేసి వేలితో రుద్దింది. ఇంకో చేత్తో నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. మా ఇద్దరి మధ్యా బెత్తెడు దూరం లేదు. నా మొహమంతా నెమ్మదిగా, ఎక్కడా వదలకుండా చూసింది.

"కదలొద్దు" అంది. ఒక కనుబొమ్మ తిన్నగా దిద్దింది. రెండో గీత వంకర పోయింది. తుడిచి మళ్ళీ దిద్దుతానంది. నేను తుడవనివ్వలేదు.