పెద్దమ్మ తప్పిన మాట

మా పెద్దమ్మ వారం కిందట ఎర్రగుంట్లలో చనిపోయింది. కర్నూలులో నేను పనిచేసే కాలేజీ గ్రౌండులో అమ్మాయిల చేత వార్మప్ చేయిస్తుండగా ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ లేదు పాపా. కాఫీ తాగి గలాసు కింద పెట్టింది. అంతే" అన్నాడు. నేను ఉన్నపళంగా బస్సెక్కాను. విజిల్ ఇంకా మెడలోనే ఉందని నంద్యాల దాటాక గానీ చూసుకోలేదు.

ఆమె మా అమ్మకు అక్క. సిమెంటు ఫ్యాక్టరీ కాంటీన్‌లో ఇరవై ఏళ్లకు పైగా వంట చేసింది. పేపర్లో ఫోటో వేసేంత మనిషి కాదు. నేను మాత్రం ఒకప్పుడు పదివేల మీటర్లు పరుగెత్తేదాన్ని, జిల్లా పేపర్లో నా ఫోటో రెండు మూడు సార్లు వచ్చింది. కాలి దెబ్బ వల్ల ఆసియా పోటీలకు పోలేకపోయానని కూడా రాశారు. అసలు జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె ఉండగా చెప్పవలసిన మాట.

ఆ ఏడు పోటీలకు ముందు మా జట్టును రెండు నెలలు ఊటీలో ఉంచారు. కొండ మీద గాలి పలుచన. అక్కడ కొన్ని వారాలు పరుగెత్తితే రక్తం ఆ లోటుకు అలవాటు పడుతుంది. కిందికి దిగాక ఎంత పరుగెత్తినా ఊపిరి అందుతుంది. నాకు మాత్రం మొదటి పది రోజుల్లోనే అక్కడి తిండి సయించకుండా పోయింది. బరువు తగ్గాను. రక్తం పరీక్షలో ఇనుము తక్కువని తేలింది. మా కోచ్ కేరళ ఆయన, పెద్దవాడు. "ఇంటి నుంచి ఎవరినైనా పిలిపించుకో, నీ తిండి నువ్వు తిను" అన్నాడు.

ఆలూరు దగ్గర మా ఊళ్లో అమ్మకు పత్తి చేను వదిలి వచ్చే వీల్లేదు. పెద్దమ్మ వచ్చింది. ఒక సంచిలో జొన్నపిండి, రాగిపిండి, అన్నంలోకి గురెళ్ల పొడి. ఇంకో సంచిలో కుక్కరు, సంగటి కెలికే కట్టె. చలి అంటే ఏమిటో తెలియని మనిషి. చీర మీద నా ట్రాక్ సూట్ కోటు వేసుకుని, కాళ్లకు నా మేజోళ్లు తొడిగి వాటి మీదే చెప్పులు వేసుకునేది.

మొదటి రోజు సంగటి చెడిపోయింది. గింజ గింజ పలుకుగా మిగిలిపోయింది. "నీళ్లు కుతకుతా ఉడుకుతాండాయి, బియ్యం ఉడకడంలే. ఏమి ఊరప్పా ఇది" అని కుండ ముందు కూర్చుండిపోయింది. కొండ మీద నీళ్లు తొందరగా మరుగుతాయి, అందుకే వేడి చాలదని నేను చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నీకు గాలి చాలడంలే, బియ్యానికి కాక చాలడంలే. ఇద్దరూ నిదానంగానే పోవాల" అంది. మరుసటి రోజు నుంచి బియ్యం ముందే నానబెట్టి కుక్కర్లో వేసేది. నా బరువు నెమ్మదిగా తిరిగి వచ్చింది.

పొద్దున ట్రాక్ దగ్గరికి ఫ్లాస్కులో రాగి అంబలి తెచ్చేది. ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు అని ఒక్కనాడూ అడగలేదు. "ఊపిరి యాడ దాకా వచ్చింది?" అనేది. నేను గొంతు మీద చెయ్యి పెట్టి చూపేదాన్ని. రోజులు గడిచేకొద్దీ నా చెయ్యి గొంతు నుంచి రొమ్ము దాకా దిగింది. అప్పుడు నవ్వేది.

అయిదో వారంలో నా ఎడమ కాలు నొప్పి మొదలైంది. మోకాలి కింద, ముందెముక మీద వేలు పెడితే చాలు ప్రాణం పోయేది. ఎవరికీ చెప్పలేదు. మా గది మేడ మీద, వంట కింద. ఒక పొద్దున మెట్లు దిగి వచ్చేసరికి ఆమె రొట్టె తడుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఎడమ కాలుకు ఏమైంది?"

"ఏం కాలే."

"నువ్వు దిగేటప్పుడు రెండు కాళ్ల సప్పుడు ఒకటే రకంగా ఉండేది. నాలుగు దినాల్నుంచి ఎడమది అలకగా, ఆనీ ఆననట్ల పడుతాండాది."

దాచలేకపోయాను. ఇంకా మూడు వారాలే ఉన్నాయని, సార్‌కు తెలిస్తే జట్టులోంచి తీసేస్తారని, పన్నెండేళ్లుగా పరుగెత్తింది దీని కోసమేనని చెప్పాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యమని ఆమె చెయ్యి తీసుకుని నా నెత్తి మీద పెట్టుకున్నాను. ఆ చేతికి పిండి ఉంది. "చెప్పనులే" అంది చివరికి.

నాలుగు రోజులు ఉప్పు కాపడం పెట్టింది. అయిదో రోజు మాకు వేగంగా పరుగెత్తే వంతు. ఆఖరి ఎనిమిది రౌండ్లు నేను కాలరు పళ్ల మధ్య కరిచిపట్టుకుని పూర్తి చేశాను. ఆమె చూసింది. ఫ్లాస్కు గట్టు మీద పెట్టి, నా దగ్గరికి రాకుండా నేరుగా కోచ్ దగ్గరికి నడిచింది. ఆయనకు తెలుగు రాదు. ఆమెకు తెలుగు తప్ప రాదు.

"సారూ" అంది. వంగి, చీర కొంచెం ఎత్తి, తన ఎడమ కాలి ఎముక మీద వేలు పెట్టింది. తర్వాత రెండు చేతులతో పుల్ల విరిచినట్లు చూపింది. "ఈడ. మా పాపకు ఈడ."

ఆమెకేమీ తెలియదని నేను హిందీలో అరిచాను. కోచ్ వచ్చి, నా కాలు పట్టుకుని, ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. నేను కెవ్వుమన్నాను.

కోయంబత్తూరులో స్కాన్ తీశారు. ఎముకలో పగులు. ఇంకొంచెం పరుగెత్తి ఉంటే నిలువునా విరిగేదని డాక్టర్ అన్నాడు. నా బదులు వేరే అమ్మాయి పోయింది. ఆమె కంచు పతకం తెచ్చింది. అది నాది అని నేను చాలా రోజులు అనుకున్నాను.

"మాటిచ్చినావు గదా" అన్నాను పెద్దమ్మతో, గదిలో సామాన్లు సర్దుతూ.

"ఇచ్చినా. తప్పినా" అంది.

తిరుగు రైల్లో ఆమె వండి తెచ్చింది నేను ముట్టలేదు. ఎర్రగుంట్లలో దిగేముందు నా పక్కన నిలబడి, "కోపం నా మీద పెట్టుకో పాపా. కాలు మీద పెట్టుకోవద్దు" అంది. తర్వాత ఎనిమిది నెలలు ఆమెతో మాట్లాడలేదు.

ఒకరోజు అమ్మతో పత్తి తీస్తూ పెద్దమ్మను ఏదో అన్నాను. అమ్మ చేతిలోని పత్తి ఒడిలో వేసి నా వైపు తిరిగింది.

"మీ పెద్దనాయన ఎట్ల పోయినాడో నీకు తెల్సునా? మంగంపేట గనుల్లో పనికి పోతాండె. నడుము నొప్పి పట్టుకునింది. మేస్త్రీకి తెలిస్తే పనికి రావద్దంటాడని, ఎవరికీ చెప్పద్దని అక్కతో ఒట్టు ఏపిచ్చుకున్యాడు. అక్క చెప్పలే. ఒకనాడు రాయి ఎత్తుతా ఎత్తుతా కూలబడినాడు. ఇంగ లేసి నడవలే. ఆరేండ్లు మంచంలోనే ఉండి పోయినాడు. ఆ ఒట్టు నిలబెట్టుకునింది మీ పెద్దమ్మ."

మరునాడే ఎర్రగుంట్లకు పోయాను. కాంటీన్ వెనక పెద్ద పెద్ద గుండిగలు తోముతూ కనిపించింది. నా కోసం పని మానేసి వచ్చిందని, తిరిగి పోయేసరికి పొయ్యి దగ్గర వేరే ఆమెను పెట్టుకున్నారని, అంట్లు తోమే పనికి ఒప్పుకుని చేరిందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె నా ముఖం చూడలేదు. కాలు చూసింది.

"అట్ల గేటు దాకా నడిచి రా" అంది.

నడిచి వచ్చాను. కళ్లు మూసుకుని వింది. "సరిపాయ" అంది. "తిన్న్యావా?"

క్షమించమని అడగడానికి పోయినదాన్ని, అన్నం తిని వచ్చాను. మా ఇద్దరి మధ్య ఆ మాట అట్లాగే ఉండిపోయింది.

మళ్లీ పరుగెత్తాను. రెండేళ్ల తర్వాత అవే ఆసియా పోటీలకు పోయి ఆరో స్థానంలో వచ్చాను. పతకం రాలేదు. కొండ మీద ఆ అయిదో వారంలో ఉన్నంత బలం నా ఒంటికి మళ్లీ రాలేదు, అది దాచుకోను. ఒకసారి పెద్దమ్మను అడిగాను, ఆ ఏడు పోయి ఉంటే గెలిచేదాన్నా అని.

"గెలుస్తాంటివేమో. నాకు తెల్దు పాపా" అంది. "నేను పరుగు సూసి చెప్పలే. కాలు సూసి చెప్పినా."

తాను చేసిందే సరైనదని ఆమె ఎన్నడూ అనలేదు. అందుకే నాకు ఆమె మీద నమ్మకం పోలేదనుకుంటాను. ఇప్పుడు నా దగ్గర పదిహేనుమంది అమ్మాయిలు పరుగు నేర్చుకుంటున్నారు. వాళ్లలో ఎవరైనా నొప్పి దాస్తే చెప్పడానికి మరొకరు ఉండాలని, ప్రతి ఏడూ వాళ్ల అమ్మలను గ్రౌండుకు పిలుస్తాను. ఇది ఏ శిక్షణలోనూ నాకు నేర్పలేదు.

పోయిన చలికాలం కళ్లు చూపించుకోవడానికి పెద్దమ్మ కర్నూలు వచ్చింది. సాయంత్రం నాతో గ్రౌండుకు వచ్చి కాసేపు కూర్చుంది. తర్వాత చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపుకుని, ఏమీ చెప్పకుండా ట్రాక్ మీదికి దిగింది. అన్నిటికంటే బయటి గీత పట్టుకుని నడిచింది. అమ్మాయిలు పరుగెత్తుకుంటూ వచ్చి, ఆమె దగ్గర రెండు పాయలుగా చీలి, ఆమెను దాటి మళ్లీ కలుస్తున్నారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. ఎర్రమట్టి మీద తన దారిన తాను పోతోంది. ఒక రౌండు వేసి ఆగుతుందనుకున్నాను. ముగింపు గీత దగ్గరికి వచ్చింది, దాటింది, అదే నడకతో మలుపు తిరిగింది. నేను పిలవలేదు.