మామా కొన్న బెంచ్ వైస్

ఒక పొద్దున టీ తాగుతూ, నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మా మామా, తనకు వైస్ కావాలంది. ఆవిడ అన్న అరబ్బీ మాట నేనెప్పుడూ విని ఉండలేదు. నా మొహం చూసి, చెంచాను రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కి చూపించింది. అప్పుడు తెలిసింది. రాయచోటిలో మా చిన్నాన్న బోరు మోటార్లు బాగుచేసే షాపులో, బల్ల అంచుకు బిగించి ఉండేది అలాంటిది. రెండు ఇనుప దవడలు, వాటిని దగ్గరికి లాగే మర, తిప్పడానికి ఒక కడ్డీ. చిన్నప్పుడు మేం దాంట్లో బాదంకాయలు పగలగొట్టుకుని తినేవాళ్ళం.

కువైట్‌లో నేను పనిచేసేది రుమైథియాలోని ఆ ఒక్క ఇంట్లోనే. వంట చేయడం, ఇల్లు చూసుకోవడం నా పని. ఇంటావిడను ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళందరిలాగే మామా అంటాను. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాడు, కొడుకులు వేరే ఇళ్ళలో ఉంటారు. ఇంట్లో మేమిద్దరం, గేటు పక్క గదిలో డ్రైవరు. అతనిది కోనసీమ. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు.

ఏ వస్తువు పాడైనా మామా బయటివాళ్ళను పిలవదు. కుళాయి కారితే తనే విప్పుతుంది. ఇస్త్రీపెట్టె చెడితే ముక్కలు ముక్కలు చేసి, మళ్ళీ కూరుస్తుంది. అందుకని ఈ వైస్ కూడా అలాంటి పనికేనేమో అనుకున్నాను. ఎందుకు మామా అని అడిగాను. ఆవిడ లేచి దివానియాలోకి, అంటే మగ చుట్టాలు వస్తే కూర్చునే పెద్ద గదిలోకి వెళ్ళి, గోడ మీది తుపాకిని దించి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది.

నేను కోస్తున్న ఉల్లిపాయ వదిలేసి రెండడుగులు వెనక్కి వెళ్ళాను.

ఆ తుపాకి నాకు కొత్తదేం కాదు. రెండు గొట్టాల వేట తుపాకి. మామా వాళ్ళ నాన్న ఎడారిలో పక్షుల వేటకు తీసుకెళ్ళేవాడట. ఆయన పోయాక తుప్పు పట్టి, మధ్యలో తెరుచుకోవలసిన చోట కదలకుండా బిగుసుకుపోయింది. నేను పనిలో చేరిన రోజు మామా దాన్ని చూపించి, భయపడకు, అది చచ్చిపోయింది, దుమ్ము పడితే తుడువు, అంది. గోడ మీద ఉన్నంతకాలం అది నాకు ఫొటో ఫ్రేములాంటిదే. బల్ల మీదికి వచ్చేసరికి తుపాకి అయింది. పైగా మామా ఆ కర్ర మడమ నిమురుతూ, దీన్ని మళ్ళీ బతికించాలి, అని నవ్వింది.

మా ఊళ్ళో చేలమీద పడే అడవిపందుల కోసం నాటు తుపాకులు పెట్టుకునేవాళ్ళు కొందరు ఉండేవాళ్ళు. ఒకసారి పంది అనుకుని మా వీధి మనిషినే కాల్చారు. జొన్నచేలోంచి ఆయన్ని మంచం మీద మోసుకొస్తుంటే చూశాను. అప్పటినుంచి తుపాకి మాట వింటేనే నాకు భయం. ఇక్కడ ఇంకో భయం కూడా ఉంది. పోలీసులు వస్తే ముందు పోయేది, ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డే కదా. ఆ సంగతి మెల్లగా అడిగితే మామా బీరువాలోంచి కాగితం తెచ్చి చూపించింది. తండ్రి పేరు మీది లైసెన్సును తన పేరు మీదికి మార్పించుకుంది. అయినా నాకు గుండె కుదుటపడలేదు. యాభై దాటిన టీచరమ్మ, మనవళ్ళకు స్వెట్టర్లు అల్లే మనిషి, ఇలా తుపాకి ముందేసుకుని కూర్చోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఆ మర్నాడు ముగ్గురం మిర్కాబ్‌లో ఒక పనిముట్ల షాపుకు వెళ్ళాం. షాపు చూసుకునే పెద్దాయన హైదరాబాద్ మనిషి. మామా అరలన్నీ చూసి, చేతిలో ఇమిడే చిన్న వైస్ ఒకటి తీసింది. రంగు బాగుంది, తేలిక, బల్ల అంచుకు తగిలించి మళ్ళీ తీసెయ్యొచ్చు. ఆ పెద్దాయన ఏం పట్టాలి దీంతో అని అడిగాడు. మామా ఏ దాపరికమూ లేకుండా తుపాకి అంది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఆవిడను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా మాట యాసను బట్టి అప్పటికే తెలుసుకున్నట్టున్నాడు, తెలుగులోకి దిగాడు.

“నిజమేనా అమ్మా? మీ మేడం తుపాకి పట్టనీకి తీసుకుంటుందా?”

నిజమేనన్నాను.

“అయితే గిది వద్దని చెప్పు. జోరుగ తిప్పితే పట్టు తప్పుతది. తుపాకి కింద పడ్డదంటే ఎట్లుంటదో మరి.”

నేను అరబ్బీలో చెప్పాను. మామా ఏమీ అనుకోలేదు. చిన్నది పక్కన పెట్టి బరువైనవి చూపించమంది. ఆయన మూడు నాలుగు దించాడు. అప్పుడు ఆవిడ చేసిన పని నాకింకా గుర్తుంది. ప్రతి దాన్నీ పూర్తిగా తెరిచి, ముందు దవడను పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసింది. ఊగిన వాటిని పక్కకు నెట్టింది. మిగిలిన దాంట్లో ఆ చివరొక కాగితం, ఈ చివరొక కాగితం పెట్టి బిగించి, ఒకదాన్ని నన్ను లాగమంది. రాలేదు. రెండోది తను లాగింది, అదీ రాలేదు. దవడలు రెండూ సమంగా కలుస్తున్నాయన్నమాట. అడుగు మీద చుట్టూ తిరిగేది, నాలుగు బోల్టులతో బల్లకు బిగించేది. అదే తీసుకున్నాం. డ్రైవరు దాన్ని పొట్టకు ఆనించుకుని కారు దాకా మోసి, దీన్ని ఎత్తినోడికి ఇంకో కసరత్తు అక్కర్లేదండి, అన్నాడు.

ఇంటి వెనక సామాన్ల గదిలో పాత చెక్క బల్ల ఒకటి ఉంది. డ్రైవరు దానికి రంధ్రాలు చేసి వైస్ బిగించాడు. ఇనుప పళ్ళు గొట్టాలను గీసెయ్యకుండా మామా తన పాత తోలు హ్యాండ్‌బ్యాగు కత్తిరించి దవడలకు తొడిగింది. తుపాకి కీలు దగ్గర నూనె పోసి, గుడ్డ చుట్టి కొన్నాళ్ళు ఊరబెట్టింది. నేను ఆ గది వైపు పోవడమే మానేశాను.

ఒక సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక, దీపం పట్టుకోవడానికి రమ్మని పిలిచింది. తుపాకి గొట్టాలు తోలు మధ్యలో బిగిసి ఉన్నాయి. వాటి మూతి ఎదురుగా గోడకు ఆనించి ఇసుక సంచి పెట్టింది. నేను తెలియక ఆ సంచి పక్కనే నిలబడి లైటు చూపించబోతే, చేయి పట్టి తన వెనక్కి లాగింది. ఖాళీదైనా ఎదురుగా నిలబడకూడదని వాళ్ళ నాన్న చెప్పేవాడట. పైనున్న మీటను బొటనవేలితో నొక్కింది. కదల్లేదు. ఇంకాస్త నూనె వేసింది. నొక్కి పట్టి, మడమను మెల్లగా కిందికి వంచింది. కిర్రుమని చప్పుడు చేస్తూ తుపాకి నడుం దగ్గర విరిగినట్టు తెరుచుకుంది.

కుడి గొట్టం ఖాళీ. ఎడమ దాంట్లో గుండ్రంగా, పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి బిళ్ళ కనిపించింది. నాణెమేమో అనుకున్నాను. మామా వేళ్ళు దాని మీదికి పోయినట్టే పోయి ఆగిపోయాయి.

“ఏంటది మామా?”

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“తూటా.”

వారానికోసారి ఆ తుపాకిని గోడమీంచి దించి, మడమ నేలకు ఆనించి, గొట్టాలు నా గడ్డం కింద పెట్టుకుని తుడిచేదాన్ని నేను. చిటికెన వేలికి గుడ్డ చుట్టి ఆ మూతుల్లోని దుమ్ము తీసేదాన్ని. అలా ఎన్ని వారాలు! ఎడమ దాంట్లో ఇది ఉండగానే. గదిలోంచి ఎలా బయటికొచ్చానో తెలియదు. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని వాంతి చేసుకున్నాను.

డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. ఏమైందని అడిగితే నోరు కడుక్కుని చెప్పాను.

“దాంట్లో తూటా ఉండాది నాయనా. ఇన్నేండ్లూ ఉండింది.”

“ఏ తుపాకీలోనండి? గోడ మీద దాంట్లోనా?”

తల ఊపాను. అతను అక్కడే గచ్చు మీద కూలబడ్డాడు. కిందటి రంజాన్ పండక్కి మామా మనవళ్ళు వచ్చినప్పుడు, వాళ్ళను నవ్వించడానికి ఆ తుపాకి దించి నా వైపు గురిపెట్టింది అతనే. నేను చేతులెత్తి నిలబడ్డాను. పిల్లలు ఫోనులో ఫొటో తీశారు. అది మా ఇద్దరి ఊళ్ళకూ పోయింది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. అతను తన చూపుడు వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు.

“నేను నొక్కానక్కా. టిక్కుమంటాదేమో అని నొక్కానండి. తుప్పుకి కదల్లేదు.”

నేను కుళాయి కట్టేసి లేచాను.

మామా తూటాను ముట్టలేదు. గది తాళం వేసి పోలీసులకు ఫోన్ చేసింది. ఇద్దరు వచ్చారు. వాళ్ళు గదిలోకి వెళ్ళినంతసేపు మేము గేటు బయట నిలబడ్డాం. నా ఇఖామా ఎవరూ అడగలేదు. తూటాను జాగ్రత్తగా తీసి డబ్బాలో పెట్టుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు, తుపాకి ఇంత గట్టిగా బిగించి ఉండటం మంచిదైంది, చేతిలో పట్టుకుని తెరవాలని చూసి ఉంటే ఏమయ్యేదో, అన్నాడు. నాకు మిర్కాబ్ పెద్దాయన మాట గుర్తొచ్చింది. తుపాకిని లైసెన్సున్న మనిషితో పరీక్ష చేయిస్తామని చెప్పి, అది కూడా పట్టుకెళ్ళారు.

వాళ్ళు పోయాక మామా వంటింట్లోకి వచ్చింది. వాళ్ళ నాన్న ఏ భయంతో దాన్ని నింపి పెట్టుకున్నాడో, ఎందుకు చెప్పలేదో తెలియదంది. మాట్లాడుతూనే నా రెండు చేతులు పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను కోప్పడింది, మెచ్చుకుంది, నాకు జ్వరమొస్తే కూర్చుని కాపలా కాసింది. కానీ ఆ రోజులా ఎప్పుడూ చూడలేదు.

“దాన్ని తుడవమని నిన్ను పంపింది నేనే. ఖాళీదైనా నిండుదే అనుకోవాలని పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పేదాన్ని. నీకు మాత్రం చచ్చిపోయిందని చెప్పాను. నన్ను క్షమించు.”

యజమానురాలు క్షమించమంటే ఏమనాలో నాకెవరూ నేర్పలేదు. ఖలాస్ మామా, అయిపోయింది కదా, అన్నాను. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆవిడ చేతులకు ఇంకా నూనె వాసన వస్తోంది.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పలేదు. చెబితే నన్ను ఒక్క రోజు కూడా ఉండనివ్వరు. డ్రైవరు ఆ ఫొటో తన ఫోనులోంచి తీసేశాడు, నన్నూ తీసెయ్యమన్నాడు. తీసేశాను. కొంతకాలం, వంటింట్లో ప్లేటు కింద పడినా ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం.

తుపాకి తిరిగి వచ్చాక మామా దాన్ని గోడకు తగిలించలేదు. తాళం వేసే ఇనుప బీరువా తెప్పించింది. వైస్ దగ్గర కూర్చుని, మడమకు ఊడిన మరలు మార్చింది, తుప్పు గీకింది. ఆ పనంతా నేను గుమ్మం దగ్గరే నిలబడి చూశాను. అంతా అయ్యాక తుపాకిని మధ్యకు తెరిచి, గొట్టాలు కిటికీ వైపు తిప్పి, వెనకనుంచి లోపలికి చూడమని పిలిచింది. వద్దన్నాను. బలవంతపెట్టలేదు, తను చూసి పక్కకు తప్పుకుంది. చాలాసేపు తటపటాయించి వెళ్ళి వంగాను. రెండు గొట్టాలూ తళతళలాడుతున్నాయి. ఎడమ దాంట్లోంచి ఎదురింటి మిద్దె మీది నీళ్ళ ట్యాంకు కనిపించింది.