పచ్చబస్సు ఎక్కిన ఇంజనీరు

శాన్ రామన్‌లో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక కొన్ని నెలలు ఇంటర్వ్యూలతోనే గడిచాయి. అన్నీ వీడియోలోనే. వెనక నుంచి గమనించిన మా ఆవిడ ఒకరోజు తేల్చేసింది.

"నీ మొహం చూస్తే ఎవరో పోయినట్టుంది. కాస్త నవ్వు, స్మైల్ చెయ్యి."

మర్నాడు నవ్వుతూనే కూర్చున్నాను. అవతలాయన, తన టీమ్‌లో సగంమందిని ఈమధ్యే తీసేశారని బాధగా చెప్పాడు. నేను నవ్వుతూనే విన్నాను. ఆయన స్క్రీన్‌కి దగ్గరగా వంగి, "ఆర్ యూ ఓకే?" అని అడిగాడు. మళ్ళీ కబురు లేదు.

ఆ వారమే సిగ్నల్ దగ్గర నా ముందు ఆగిన పసుపుపచ్చ స్కూలు బస్సు వెనక ఒక ప్రకటన చూశాను. డ్రైవర్లు కావాలి, శిక్షణ మేమే ఇస్తాం అని. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి వీసా బెంగ లేదు. గ్రీన్ సిగ్నల్ పడినా నేను కదలకపోతే వెనకవాళ్ళు హారన్ కొట్టారు.

"బస్సా! జోక్ చేస్తున్నావా?" అంది మా ఆవిడ.

"లేదు. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఇస్తారట."

ఆ మాటకి కాస్త మెత్తబడింది. "సరే, అప్లై చెయ్యి. మా అక్కకి మాత్రం నేనే మెల్లగా చెప్తాను."

ఇంటర్వ్యూ చేసినావిడ ఒకటే గట్టిగా అడిగింది: పిల్లలు అరుస్తుంటే తట్టుకోగలవా? "ఇన్నేళ్ళూ మీటింగుల్లో పెద్దవాళ్ళ అరుపులు విన్నాను. పిల్లలైతే వాళ్ళ స్టాపు రాగానే దిగిపోతారు కదా," అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వి, ట్రైనింగ్‌కి రమ్మంది.

ట్రైనింగ్‌లో మొదటి మలుపులోనే దారికి అటూ ఇటూ పెట్టిన నారింజరంగు కోన్లన్నీ పడగొట్టాను. లైసెన్సు రెండోసారికి గానీ రాలేదు.

డ్యూటీలో మొదటిరోజు ఒక స్టాపులో మాకు బాగా తెలిసిన తెలుగువాళ్ళ పిల్లవాడు ఎక్కాడు. నన్ను చూసి మెట్టు మీదే ఆగిపోయాడు.

"అంకుల్! ఈ బస్ మీదా?"

"ఇవాళ్టికి నాదే. వెళ్ళి కూర్చో నాన్నా."

కింద కాఫీ కప్పుతో నిలబడ్డ వాళ్ళమ్మ దగ్గరికొచ్చింది. "అన్నయ్యా, ఇది... వాలంటీరింగా?"

"కాదమ్మా, జీతం ఇస్తారు."

ఆమెకు ఎటు చూడాలో తెలియలేదు. "నైస్, నైస్," అంటూ వెనక్కి నడిచింది. నా చెవులు వేడెక్కాయి. తలుపు మూసే మీట బదులు వైపర్ మీట నొక్కాను. ఎండలో వైపర్లు ఊగుతుంటే బస్సంతా చప్పట్లు కొట్టింది. నాకూ నవ్వొచ్చేసింది.

ఆ శనివారం ఆ పిల్లవాడి నాన్న ఫోన్ చేశాడు. ఓదారుస్తాడనుకుని సిద్ధంగా ఉన్నాను.

"అన్నా, మా ఆఫీస్‌ల గూడ లేఆఫ్‌లు అంటున్రు. బస్సు పని ఎట్లుంటది? నిజం చెప్పు."

నిజమే చెప్పాను. జీతం బాగా తక్కువ, చీకటితోనే లేవాలి, వేసవిలో పని ఉండదు.

"మరి మధ్యాహ్నం?"

"పొద్దుటి ట్రిప్ అయ్యాక సాయంత్రం ట్రిప్ దాకా ఖాళీయే. నేను ఇంటికొచ్చి పడుకుంటాను."

అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడైంది.

"రోజూ పండుకుంటవా అన్నా?" అన్నాడు గొంతు తగ్గించి.