అవతలి గదిలో అమ్మ

కాన్పయ్యాక నేను తొందరగా కోలుకున్నాను. నా ఖర్మ అదే.

కొత్వాల్‌గూడలో మా అమ్మ ఇంట్లో అప్పుడు ఇద్దరం బాలింతలం. నాది తొలి కాన్పు, అందరిలాగే పుట్టింటికి వచ్చాను. మా అన్న భార్య, అంటే వదిన, నాకంటే కొద్ది రోజుల ముందే కన్నది. ఆమె కూడా పుట్టింటికి పోవలసిందే, కానీ ఆమెకు తల్లి లేదు, చిన్నప్పుడే పోయింది. అందుకని ఆమె సేవ కూడా మా అమ్మ మీదే పడింది.

ఒకే ఇంట్లో ఉన్న బాలింతలు ఒకరి మొహం ఒకరు చూసుకోవద్దని మా ఇంట్లో పట్టింపు. చూసుకుంటే ఒకరి పాలు ఇంకొకరికి పోతాయట. మా రెండు గదుల మధ్య గుమ్మానికి తలుపు లేదు. అమ్మ తన పాత చీర ఒకటి అడ్డంగా కట్టేసింది. కాబట్టి నాకు వదిన కనబడలేదు, వినబడింది మాత్రం అంతా! కళ్ళతో చూసుంటే అంత మండేది కాదేమో.

అమ్మ పొద్దున్నే నా ఒంటికి నువ్వుల నూనె రాసి, వేడినీళ్ళు పోసి, నడుముకు నూలు చీర బిగించి కట్టి, వెల్లుల్లి కారం, నెయ్యన్నం ముందు పెట్టి అవతలికి పోయేది. పోతే ఇక రాదు. గొంతు మాత్రం వచ్చేది.

"ఇంకొక్క బుక్క తిను బిడ్డా. నా బంగారు కొండవు గదా!"

చలిగాలి పోకుండా నా చెవుల్లో దూది పెట్టింది అమ్మ. ఆ దూది ఈ మాటలను ఆపలేదు. నన్ను ఏనాడన్నా బంగారు కొండ అన్నదా? నాకు గుర్తున్నంత వరకు నేను గాడిదనే. మా ఊరి పక్కనే విమానాశ్రయం. విమానాలు ఇంటి మీదుగా దిగుతుంటే కాసేపు ఏమీ వినబడేది కాదు. అప్పుడు ఇంకా పరేషాన్. ఆ చప్పుట్లో ఇంకెంత ముద్దు చేస్తోందో!

వదినకు కాన్పు కష్టమైంది. రక్తం చాలా పోయింది, పాలు సరిగా పడలేదు, అన్నం చూస్తేనే ఏడ్చేది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిస్తే మాత్రం? చూడవచ్చిన ప్రతి ఒక్కరూ నా బిడ్డ బుగ్గ ఒకసారి గిల్లి, చీర అవతలికి పోయి, "అయ్యో, తల్లి లేని పిల్ల" అనేవాళ్ళు. ఆ మాట ముందు ఎవరు నోరెత్తగలరు? తల్లి ఉండడం నా తప్పయింది.

ఒకరోజు కంచం పక్కకు నెట్టేశాను. "కండ్లు తిరుగుతున్నయే" అన్నాను.

అమ్మ నా నుదురు ముట్టుకుంది. కింది రెప్ప లాగి చూసింది. నా ఒళ్ళో బిడ్డ గుటుక్కు గుటుక్కుమని పాలు తాగుతోంది.

"నీకేమైందే? గుర్రం లెక్క ఉన్నవ్. తిను, అన్నం సల్లారిపోతది."

"నీకు కోడలే ఎక్కువ. నేనెవరిని?"

"ఓసి దొంగముఖమా! గామె మంచం దిగుతలేదు. నువ్వు ఇల్లంత తిరుగుతున్నవ్. జర సోయుండాలె."

"నేను గూడ మంచం దిగకపోతే వస్తవా మరి?"

వీపు మీద ఒక్కటి చరిచింది. పచ్చి బాలింతను! చరిచి, అవతలికే పోయింది. నేను కోపంతో కంచం మొత్తం ఊడ్చి తిన్నాను. ఆకలి అయింది, ఏం చెయ్యను?

ఆ మధ్యాహ్నం అమ్మ మళ్ళీ వచ్చింది. చేతిలో నూనె లేదు, కంచం లేదు.

"జరుగు" అంది.

"ఏందే?"

"నడుము లేస్తలేదు. జర సేపు నీ కాడ పండుకుంట."

నా బిడ్డను ఉయ్యాలలో వేసి, నా పక్కన ఒరిగి, నా చెయ్యి లాగి తన నడుము మీద పెట్టుకుంది. నేను ఒత్తడం మొదలుపెట్టక ముందే గురక. ఆమె ఒంటినిండా సాంబ్రాణి పొగ, వదిన గదిలో వేసిందే.

అవతల వదిన బిడ్డ ఏడుపు అందుకుంది. అమ్మ కదల్లేదు. "అత్తమ్మా" అని వదిన పిలిచింది. మళ్ళీ పిలిచింది. తర్వాత మంచం కిర్రుమంది. గోడ పట్టుకుని నడుస్తున్న అడుగులు మెల్లగా వచ్చి చీర అవతల ఆగాయి. ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుందేమో, ఏడుపు కూడా అక్కడికే వచ్చి సద్దుమణిగింది.

"అత్తమ్మ పండుకుందా?"

"ఆఁ, ఇప్పుడే. లేపాల్నా?" అన్నాను, లేపే ఉద్దేశం ఏమాత్రం లేకుండా.

"వద్దొద్దు." బిడ్డ వీపు మెల్లగా తట్టింది. "నా కాడ ఒక్కనాడు గూడ కన్ను మూయలే. జర ఒరుగు అత్తమ్మా అని ఎంత బతిమాలిన ఇనది. కోడలి మంచం మీద ఎట్ల పండుకుంటరు బిడ్డా అంటది."

ఆ మాట అని ముక్కు ఎగబీల్చింది.

నేను జాలిపడాలి. పడ్డాను కూడా, కాకపోతే సాయంత్రానికి. అప్పుడు మాత్రం అమ్మ నడుము చుట్టూ చెయ్యి ఇంకాస్త బిగించి, వదిన ఆ మాట ఇంకొక్కసారి అంటే బాగుండు అనుకున్నాను.